చెల్లెలి నోట అన్నయ్య మాట

ఇద్దరు చెవిటివాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ వీధిలో నడవడం ఒక విద్య. వినేవాడి కళ్ళు చెప్పేవాడి చేతుల మీద ఉంటాయి కనక వాడికి దారి కనపడదు. దారి చూసే బాధ్యత చెప్పేవాడిది. కథ మంచి పట్టు మీద ఉండగా ఒక చెయ్యి ఖాళీ చేసుకుని, స్తంభమో సైకిలో అడ్డొస్తే అవతలివాణ్ణి భుజం పట్టి పక్కకి లాగి, మళ్ళీ వదిలిన చోటే కథ అందుకోవాలి. ఈ విద్యలో బైండరు మహా బలహీనుడు. కథలో పడితే ఆయనకి ఒళ్ళు తెలియదు. ఆయనతో నడిచి నుదురు బొప్పికట్టనివాళ్ళు తక్కువ.

పరాయి దేశాల్లో నాలుగు చెవిటి బళ్ళు పెట్టినవాణ్ణి పట్టుకుని బైండరు అనడం కొత్తవాళ్ళకి వింతగా ఉండేది. ఆయన మొదట చేసిన పని అదే, పుస్తకాలకి అట్టలు వేయడం. ఆ రోజుల్లో చెవిటి పిల్లవాడంటే అచ్చాఫీసులోనో, బైండింగు గదిలోనో, చెప్పులు కుట్టేవాడి దగ్గరో పెట్టేవాళ్ళు. మిషన్ల రొద వీళ్ళనేం చేయదనీ, పక్కవాడితో ముచ్చట్లు పెట్టుకోరనీ యజమానుల నమ్మకం. మొదటిది నిజమే. రెండోది చూడకుండా అన్న మాట. గదికి ఆ చివరొకడూ ఈ చివరొకడూ కూచుని, సూది పళ్ళ మధ్య కరిచిపెట్టి, బైండరూ ఆయన జతగాడూ పొద్దస్తమానం లోకాన్ని చీల్చి చెండాడుతుంటే, మధ్యలో చెవులున్నవాళ్ళు ఆ రొదలో ఒక్క ముక్కా చెప్పుకోలేక బిక్కమొహాలు వేసుకుని కూచునేవాళ్ళు.

బైండరు భక్తుడు. వారం వారం ప్రార్థన మందిరంలో మొదటి బల్ల మీద కూచునేవాడు. ఆయనకి ఎదురుగా, ప్రసంగించే పెద్దాయనకి వీపు పెట్టి, చెల్లెలు ఒక పీట వేసుకుని కూచుని, వెనక వినిపించేదాన్ని చేతులతో ముందుకి చెప్పేది. ఆ పిల్లకి నోటి మాట రాకముందే అన్నయ్య దగ్గర చేతి మాట వచ్చింది. ఆమె చేతుల్లో సముద్రాలు చీలేవి, తప్పిపోయిన గొర్రెలు ముళ్ళపొదల్లో చిక్కుకుని బెదురుచూపులు చూసేవి. అటుపక్క చెవులున్నవాళ్ళు జోగుతూ ఉంటే ఇటుపక్క బైండరు కళ్ళు తుడుచుకునేవాడు. దేవుడు ఇంత బాగా మాట్లాడతాడు, వీళ్ళకెందుకు నిద్రొస్తుందా అని ఆయనకి ఆశ్చర్యం.

ఆ పెద్దాయనే ఒకసారి పాటల పుస్తకాలు అట్టలకి తెచ్చి, తమ సంఘంవాళ్ళు సముద్రం అవతల బళ్ళూ ఆస్పత్రులూ పెట్టారనీ, అక్కడ చెవిటి పిల్లల్ని మాత్రం వెనకగదుల్లో దాస్తారనీ పలక మీద రాసి చూపించాడు. బైండరు పలక అందుకుని, "నేను వెళ్తాను" అని రాశాడు.

"చెవులు లేకుండా పరాయి దేశంలో ఏం చేస్తావు నాయనా?"

"చెవులుండి మీవాళ్ళు ఏం చేశారు?" అని రాసి పలక తిప్పబోయేసరికి, పక్కనున్న చెల్లెలు దాన్ని అందుకుని పెద్దాయనకి తనే చదివి వినిపించింది. కాస్త పొడుగ్గానే చదివింది. పెద్దాయన నవ్వి, తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. నేరుగా అడిగితే ఎంతటివాడైనా దారికొస్తాడని బైండరు ఆ రోజే అనుకున్నాడు.

ప్రయాణానికి పెట్టె సర్దుతూ, "నువ్వెందుకే నా వెంట?" అని చెల్లెల్ని అడిగాడు. చేతులతో అన్న మాటల్ని ఇక్కడ నోటి మాటల్లాగే రాయక తప్పదు. వాటి ఊపూ, ముఖంలో విరుపూ కాగితం మీదికి రావు.

"నిన్ను ఒక్కణ్ణే పంపిస్తే దేశాల మధ్య యుద్ధాలొస్తాయి" అంది చెల్లెలు.

అలా బయల్దేరారు. ఆమె ఏ దేశం వెళితే ఆ దేశం మాట బజారులో కూరగాయలు బేరమాడుతూ పట్టేసేది. ఆయనకి ఆ అవసరమే లేదు. రెండు గదులూ, పిల్లల చేతులు కనపడేంత వెలుతురూ దొరికితే బడి మొదలైనట్టే. గదిలోకి వెళ్ళగానే ఆయన చేసే మొదటి పని బల్ల మీద పూలకూజా తీసి కింద పెట్టడం. పూలు అందమైనవే, కానీ వాటి వెనక ఎవరి మాటా కనపడదు. బల్లలు వరసల్లో ఉంచడు, గుండ్రంగా వేయిస్తాడు. రెండు చేతుల్లోనూ సామాను పట్టుకున్న పిల్లాణ్ణి ప్రశ్న అడగడు. ఒక చోట బడి పెట్టడం, చదువుకున్న చెవిటివాళ్ళలోనే ఒకర్ని తయారుచేసి బడి అప్పగించడం, ఇంకో దేశం పోవడం, ఇదీ ఆయన పద్ధతి.

ఆయన నేర్పే మొదటి పాఠం అక్షరాలు కాదు. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అనేవాడు. నిజానికి అది నేర్పక్కర్లేదు. ఆయన చేతుల మాటల్లో నువ్వు, మీరు, తమరు అన్న మెట్లు లేవు. దొరకైనా దేవుడికైనా ముక్కు కారే పిల్లాడికైనా ఒకటే చూపుడువేలు. చెవిటివాళ్ళు కలిస్తే ముందు "లావయ్యావే" అనో "జుట్టంతా ఏమైంది?" అనో మొదలుపెడతారు. ఎవరూ నొచ్చుకోరు. చూడ్డానికే ఉన్న కళ్ళకి కనపడ్డది చెప్పకపోతేనే తప్పు. "చెవులున్నవాళ్ళు మర్యాదలు చుట్టి చుట్టి మాటని ఊపిరాడకుండా చంపుతారు" అనేవాడు బైండరు. "ఒకసారి ఒక అధికారి మమ్మల్ని గుమ్మం దగ్గర నిలబెట్టాడు. కుర్చీ వేడి చేయడం తప్ప నీవల్ల ఏమవుతోందని మొహం మీదే అడిగాను. వెంటనే సంతకం పెట్టాడు. చూశారా?"

పిల్లలు చూశారు, నమ్మారు. రెండో దేశంలో ఆయన బడి అప్పగించి వచ్చిన కుర్రమాస్టారు మరీ నమ్మాడు. బడి చూడ్డానికొచ్చిన అధికారికి, "నీకు బళ్ళ గురించి ఏమీ తెలియదు, పక్కన కూచుని చూడు" అని రాసి చూపించాడు. మర్నాటినుంచి అతనికి ఉద్యోగం లేదు. చెప్పులు కుట్టుకుంటున్నాడని తెలిసింది. బైండరుకి అది అంతు పట్టలేదు. తనకి అంత బాగా పనిచేసిన మందు వాడికి ఎందుకు వికటించింది? రాతలో చెప్పడం వల్ల చెడిందనీ, చేతులతో చెప్పి ఉంటే అధికారి ముచ్చటపడేవాడనీ చివరికి సమాధానపడ్డాడు. ఆ మాట అన్నప్పుడు చెల్లెలు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగో బడి ఒక దర్జీ దుకాణం మేడ మీద. అక్కడ తయారైన మనిషి పుట్టుమచ్చ. చెవిటివాళ్ళలో పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, తోటివాళ్ళు చూసి పెట్టింది. ఆమె బుగ్గ మీద మచ్చ ఉంది, కనక బుగ్గ మీద వేలు ఆనిస్తే ఆమె పేరు. తొమ్మిదో ఏట జ్వరంలో చెవులు పోయాయి. అప్పటికే ఆ ఊరి మాట నోటికి వచ్చేసింది కాబట్టి, ఎవరు మాట్లాడుతున్నా పెదాలు చూసి చదవగలదు. తను నోరు విప్పితే దుకాణాలవాళ్ళు నవ్వుతున్నారని మాట్లాడ్డం మానేసింది. పిల్లల్ని కూచోబెట్టడంలో, నవ్వించడంలో బైండరునే మించిపోయింది. ఆయనకి వయసు మీద పడుతోంది. బడి ఈమెకి అప్పగిస్తే ఆయన పని అక్కడికి పూర్తయినట్టు.

కానీ బడికొక సంఘం ఉంది, దానికి అధ్యక్షుడిగా ఒక కలప వ్యాపారి ఉన్నాడు. మిగతా సభ్యులు ఆయన తల ఎటు ఊగితే అటు ఊపేవాళ్ళు. సమావేశాలు ఆయన కలప డిపో మేడ మీదే. కింద రంపం మిషను తిరిగినప్పుడల్లా ఆ వణుకు కుర్చీ కాళ్ళ గుండా బైండరు ఒంట్లోకి పాకేది. ఆ సమావేశానికి మొదటిసారి పుట్టుమచ్చని కూడా వెంటబెట్టుకెళ్ళాడు.

కలప వ్యాపారి అన్నదాన్ని చెల్లెలు చేతుల్లోకి దించింది. "అమ్మాయి మంచిది, కాదనం. కానీ బడికి పెద్ద అంటే నలుగురితో మాట్లాడాలి, తలుపు తట్టినవాళ్ళకి పలకాలి. ఉద్యోగం విరమించిన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన్ని అనుకుంటున్నాం."

బైండరు చేతులు లేచాయి. "చెవిటి పిల్లల బడికి వాళ్ళ భాష ఒక్క ముక్క రానివాణ్ణి పెద్దగా పెడతావా? దుంగకీ మనిషికీ తేడా తెలియనివాణ్ణి నీ డిపోలో కూచోబెడతావా? కింద పోసిన రంపంపొట్టు చాలక నీ తలలో కూడా అదే ఉందా?"

చెల్లెలు ఆయన వైపు ఒకసారి చూసి, అధ్యక్షుడి వైపు తిరిగి మాట్లాడింది. కలప వ్యాపారి ముఖం విప్పారింది. గుండె మీద చెయ్యి వేసుకుని వంగి, వచ్చే సమావేశంలో ఖాయం చేద్దామన్నాడు. మెట్లు దిగుతూ బైండరు, "చూశావా, ఎలా మెత్తబడ్డాడో" అన్నాడు. పుట్టుమచ్చ ముఖం సున్నం కొట్టినట్టుంది.

మర్నాడు బడిలో, పిల్లల చిరిగిన పుస్తకాలకి ఆయన జిగురు రాస్తుంటే వచ్చి ఎదురుగా కూచుంది.

"నిన్న నువ్వన్నది మీ చెల్లెలు చెప్పలేదు."

"ఏం చెప్పింది?"

"దుంగని చూడగానే లోపల చేవ ఎంతుందో చెప్పడంలో మీలాంటివారు లేరు, మనుషుల విషయంలో కూడా మీ మాటే మా అన్నయ్యకి ప్రమాణం, లెక్కల మాస్టారంటే ఆయనకి ఎంతో గౌరవం, అంది."

"పెదాలు తప్పు చదివావు."

"రంపంపొట్టు మాట విని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుంటారా?"

బైండరు కుంచె పక్కన పెట్టాడు. తన ముందు మెత్తబడిన ముఖాలన్నీ ఒక్కొక్కటే గుర్తుకి రావడం మొదలుపెట్టాయి. పలక చూడకుండానే దీవించిన పెద్దాయన. సంతకం పెట్టిన అధికారి, పెడుతూ ఎందుకో సిగ్గుపడ్డట్టు తల వంచుకున్నాడు. అద్దె తగ్గించిన గోదాము యజమానిని తాను లోభి పీనుగా అన్నట్టు గుర్తు. ఆయన కౌగలించుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఎవరూ తన మాట విననేలేదు.

"లెక్కల మాస్టారు నీకు ఇష్టమే అనుకుంటున్నారు వాళ్ళు. అందుకే ఖాయం చేస్తామన్నారు" అంది పుట్టుమచ్చ.

ఆయన ఇంటికి వెళ్ళేసరికి చెల్లెలు పెరట్లో ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. ఆయన ముఖం చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు ఒక దుప్పటి కొసలు రెండూ ఆయన చేతుల్లో పెట్టింది. రెండు చేతులూ దుప్పటికి అంకితమయ్యాక మనిషి ఏం పోట్లాడతాడు? సగానికి మడిచారు, పావుకి మడిచారు, కొసలు కలిపారు. ఆమె వెంటనే ఇంకో దుప్పటి అందించింది. ఆయన దాన్ని కింద పడేశాడు.

"నా మాట ఎందుకు మార్చావు?"

"మళ్ళీ ఉతకాలి దాన్ని" అంది చెల్లెలు. తర్వాత, అలవాటుగా పెదాలతో 'అన్నయ్యా' అంటూ చేతులతో, "నువ్వన్నట్టే చెప్పి ఉంటే మొదటి దేశంలో ఓడ దిగనిచ్చేవాళ్ళు కాదు" అంది.

"అది నా మాట. నాది."

"నీదే. అవతలివాడికి చేరాలా వద్దా? నువ్వు చేదు పంపిస్తే నేను పంచదార కలిపాను. నీకు బడి కావాలి, నాకూ బడే కావాలి. అక్కడ కూచున్న పిల్లల్ని చూసి అబద్ధం ఆడాను. ఒక్కసారి నిన్న చెయ్యి దాటింది. మరీ తియ్యగా అయిపోయింది. అక్కడే అనుకున్నాను, కొంప మునిగిందని."

"మరి రెండో బడి కుర్రాడు?"

ఆమె చేతులు కిందికి జారిపోయాయి. ఆ కుర్రాడి పక్కన పంచదార కలిపే చెల్లెలు లేదు. ఆ సంగతి ఆమెకి మొదటినుంచీ తెలుసు.

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు మళ్ళీ ఎవరి ముందూ చెయ్యి ఎత్తేవాడివి కాదు."

బైండరు కింద పడేసిన దుప్పటి తీసి దులిపాడు. తర్వాత బైండరు అసలు అడగాలనుకున్నది అడిగాడు. "మందిరంలో ప్రసంగాలు?"

"బాగున్నవి ఉన్నవి ఉన్నట్టే చెప్పాను."

"ఎన్ని బాగున్నాయి?"

చెల్లెలు ఆరేసిన దుప్పట్ల వైపు చూసింది.

ఆ దెబ్బ గట్టిది. బళ్ళు పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. ముళ్ళపొదలో గొర్రె బెదురుచూపులు చూసి కదా ఆయన సముద్రాలు దాటింది. ఆ చూపు దేవుడి పుస్తకంలో లేదట, పెద్దాయన నోట్లోనూ లేదట, పీట మీద కూచున్న చెల్లెలి చేతుల్లో పుట్టిందట. కొన్నాళ్ళు బైండరు ప్రార్థనకి కూచుని ఏమీ చెప్పలేక లేచిపోయేవాడు. అయినా చెల్లెలికి ఆ గొర్రె ఎక్కణ్ణించి వచ్చింది? దేవుడు కూడా ఎవరి నోరో ఎవరి చేతులో అడిగి తెచ్చుకోవలసినవాడే అయినప్పుడు, మధ్యలో ఉన్న మనిషి తనది కొంత కలపకుండా ఉంటుందా? కలపడం తప్పా? ఒకచోట ఆ కలిపిందే తనని నిలబెట్టింది. ఇంకోచోట ఒక కుర్రాడి అన్నం తీసేసింది. ఈ రెండింటినీ తూచే త్రాసు ఆయనకి దొరకలేదు. అది ఇప్పటికీ ఎవరికీ దొరికినట్టు లేదు.

సమావేశం దగ్గరపడింది. పుట్టుమచ్చతో ఆయన, "నేనే ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మా చెల్లెలు ఒక్క ముక్క మార్చదు. ఒట్టు వేయించుకున్నాను" అన్నాడు.

"వద్దు. నేను చెప్తాను. ఆమె పలకాలి. ఆమె పెదాలు నేను చూస్తాను."

"మంచిది. నేను పక్కనే ఉంటాను."

"పక్కన వద్దు. నువ్వు నా వెనక కూచో. నీ చేతులు కనపడితే నాకు నీ మాటలే వస్తాయి."

వెనక కూచుంటే ఆమె చేతులు ఆయనకి కనపడవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బైండరు సరే అన్నాడు.

డిపో మేడ మీద ఆయన కుర్చీ గోడకి ఆనించి వేశారు. ఎదురుగా పుట్టుమచ్చ వీపు, జడ, అప్పుడప్పుడు అటో ఇటో తేలే మోచేతులు. ఆమెకి అవతల పక్కగా చెల్లెలు, ఆమె పెదాలు కదులుతున్నాయి, ఆ దేశపు మాట ఆయనకి తెలియదు. పుట్టినప్పటినుంచీ చెవులు లేనివాడే, కానీ చెవిటితనమంటే ఏమిటో బైండరుకి ఆ కుర్చీలో తెలిసింది. చుట్టూ మాట నడుస్తోంది, తనకి అందడం లేదు.

చదవడానికి ఆయనకి మిగిలింది కలప వ్యాపారి ముఖం ఒక్కటే. అది ముందు నవ్వుతో మొదలైంది. మధ్యలో నవ్వు ఆగింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. బైండరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. పుట్టుమచ్చ మోచేతులు తొందరపడలేదు. నిలిచాయి, కదిలాయి, మళ్ళీ నిలిచాయి. వ్యాపారి ఏదో అడిగాడు. మోచేతులు కొంచెమే కదిలాయి. ఒక సభ్యుడు, అధ్యక్షుడి తల ఊగకముందే తల ఊపేసి, గతుక్కుమని ఆయన వైపు చూశాడు.

అప్పుడు కలప వ్యాపారి మెడ సాచి నేరుగా బైండరు వైపు చూసి మాట్లాడాడు. చెల్లెలు తిరిగింది. "లెక్కల మాస్టారు విషయం పోయినసారి ఒప్పుకున్నారు కదా, ఇప్పుడేమంటారు అని అడుగుతున్నారు."

చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉంది. ఆ ఒప్పుకున్నది తాను కాదని ఉంది, రంపంపొట్టు ఉంది, కుర్రమాస్టారు ఉన్నాడు. చేతులు ఒళ్ళోంచి లేచాయి కూడా. పుట్టుమచ్చ వెనక్కి తిరిగి చూడలేదు. జడ కూడా కదల్లేదు. బైండరు ఆ వీపు వైపు వేలు చూపించాడు. "ఆమెని అడుగు."

చెల్లెలి పెదాలు అంతే కదిలి ఆగిపోయాయి. ఆయన మాట ఎంతుందో అంతే. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన కొలిచి చూసుకున్నాడు.

మెట్ల దగ్గర చెల్లెలు చెప్పింది. బడి పుట్టుమచ్చకే. ఒక ఏడాది చూస్తారట. లెక్కల మాస్టారు కూడా వస్తాడట.

"ఏడాదా?" బైండరు చేతులు గాలిని చీల్చాయి. "మళ్ళీ ఆ మాస్టారా? ఇంత చేసి వాడి కిందే పెట్టారన్నమాట."

"వాడి కింద కాదు, నా కింద" అంది పుట్టుమచ్చ. "లెక్కలకి మనిషి కావాలని నేనే అడిగాను. ముందు పిల్లల దగ్గర చేతులు నేర్చుకోవాలి, తర్వాతే పాఠం అన్నాను. ఒప్పుకున్నారు."

"ఇంకేం చెప్పావు?"

"అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకు?"

ఆయన చెల్లెలి వైపు తిరిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, నన్నడక్కు అన్నట్టు.

పుట్టుమచ్చ ఆయన చొక్కా లాగి తన వైపు తిప్పుకుంది. "నువ్వు వెళ్ళిపో" అంది. "నువ్వు గోడవారగా కూచున్నా వాళ్ళు నీ వైపే మెడ సాచుతున్నారు. నువ్వు ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను పెద్దని కాను."

మేడ మీద ఆమె ఎంత మర్యాదగా మాట్లాడిందో ఏమో గానీ, ఇక్కడ మాత్రం చూపుడువేలు బైండరు గుండెకి ఆని ఉంది.

"పిల్లల పరీక్షలు కానీ. అవి చూసి వెళ్తాను."

"పరీక్షల ముందే వెళ్ళు. నువ్వు గదిలో ఉంటే జవాబులు సైగ చేస్తావు."

చెల్లెలు ముఖం పక్కకి తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వింది. అలాంటిదేమీ లేదని బైండరు చేతులు ఎత్తాడు గానీ, ఎదురుగా ఉన్న మనిషి ఆయన పెట్టిన పరీక్షల్లోనే పాసై వచ్చింది. చేతులు దింపేసి, ఓడ ఎప్పుడుందో కనుక్కోమని చెల్లెలికి చెప్పాడు.